విషపు బల్లి కోసం మూడు వసంతాలు

‘‘ఈ యేటి సావనీరుకు ఏదైనా వ్రాయండి సార్, పాత విద్యార్థి అన్న పేరు మీకుంది కదా!’’ అని స్టూడెంట్సు యూనియన్ కార్యదర్శి ఫోనులో అడిగినప్పుడు, నాకు వెంటనే గుర్తుకు వచ్చింది మన హాస్టలు సాంబారు. నేను రెండో సంవత్సరంలో ఉండగా ఒక రోజు ఆ సాంబారులో బల్లి పడింది. అప్పటికే తిన్నవాళ్ళు వాంతులు చేసుకోవడానికి పరుగెత్తారు. మెస్సంతా గగ్గోలు.

మర్నాడు మా జువాలజీ లెక్చరర్‌గారు క్లాసులో నవ్వేశారు. ‘‘ఒరే, ఇంటిబల్లికి విషం లేదురా. మురికి ఉంటుంది కనుక పారబోయడం మంచిదే. అంతమాత్రాన చావరు. నిజంగా విషమున్న బల్లిని చూడాలంటే అమెరికా ఎడారికి పోవాలి’’ అంటూ బోర్డు మీద బొమ్మ వేశారు. దాని పేరు గిలా మాన్‌స్టర్ అని వ్రాసుకున్నాం. అరిజోనాలో ప్రవహించే నది పేరే దానికి పెట్టారు. పలకడం మాత్రం ‘హీలా’ అని పలకాలి. ఈ సంగతి ఎన్నో ఏళ్ళ తరువాత ఉద్యోగరీత్యా అరిజోనాలోని టూసాన్ నగరం చేరుకున్నాక గాని నాకు తెలియలేదు.

అక్కడికి చేరినా దాన్ని చూడాలన్న ధ్యాస కలగలేదు. 2006లో నాకు చక్కెర వ్యాధి బయటపడింది. డాక్టరు ఒక కొత్త ఇంజక్షన్ వ్రాశారు. పొద్దున, సాయంత్రం భోజనానికి ముందు పొడుచుకోవాలి. పేరు ఎక్సెనటైడ్. ‘‘దీని మూలం ఎక్కడుందో తెలుసా? మీ ఊరి ఎడారిలో బల్లి నోట్లో’’ అన్నారాయన. నేను హాస్యమనుకున్నాను.

హాస్యం కాదు. భోజనం చేయగానే మన పేగుల్లో జి.ఎల్.పి-1 అనే హార్మోను పుట్టి, ఇన్సులిన్ విడుదల చేయమని క్లోమానికి కబురు పెడుతుంది. చిక్కేమిటంటే అది కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. న్యూయార్క్‌లోని వెటరన్స్ ఆసుపత్రిలో పరిశోధకుడైన డాక్టర్ జాన్ ఎంగ్ 1990ల మొదట్లో హీలా విషంలో దానిని పోలిన పదార్థాన్ని కనుగొన్నారు. ఎక్సెండిన్-4 అని పేరు పెట్టారు. ఇది గంటల తరబడి విరగకుండా అదే పని చేస్తుంది. దానినే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసి మందుగా మార్చారు. 2005లో అమెరికా ప్రభుత్వ ఆమోదం లభించింది. మందు కోసం బల్లుల్ని చంపనక్కరలేదన్నమాట. నేడు చక్కెర వ్యాధికీ, ఊబకాయానికీ వాడుతున్న ఒక పెద్ద మందుల కుటుంబానికి దారి తీసింది ఈ మందే.

ఇంజక్షన్ పొడుచుకున్నప్పుడల్లా లెక్చరర్‌గారి బొమ్మ కళ్ళముందు కనబడేది. నన్ను నిలబెడుతున్న ఈ జీవిని ఒక్కసారి కళ్ళారా చూడాలనిపించింది. అనుకున్నంత తేలిక కాదని తరువాత తెలిసింది.

మొదటి వసంతం, అంటే 2007 మే నెలలో, సెలవు దొరికినప్పుడల్లా ఊరికి తూర్పున ఉన్న సవారో జాతీయ వనంలో తిరిగాను. తాటిచెట్టంత బ్రహ్మజెముళ్ళు, మన సర్కారు తుమ్మకు దాయాదులైన మెస్కీటు చెట్లు. మిట్టమధ్యాహ్నం దాకా చెమటలు కక్కుతూ నడిచాను. తొండలు తప్ప ఏమీ కనబడలేదు. ఆ ఎండకు ఏ హీలా బయటకు రాదని నాకెవరు చెప్పాలి? ఒళ్ళు ముప్పై డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉంటేనే దానికి సుఖం.

రెండో వసంతంలో మరీ తెలివితక్కువ పని చేశాను. కర్రతో రాళ్ళు పెళ్ళగించి, బొరియల్లోకి తొంగి చూడబోయాను. దారిన పోతున్న ఒక పెద్దాయన కేకేశారు. రిటైరయిన బడిపంతులు, ఆ ఎడారిలోనే పెరిగిన మనిషి. ‘‘ఆ బొరియలో గిలక పాము ఉంటే ఏం చేస్తారు? పైగా మీరు తవ్వేది ఒక ప్రాణి ఇల్లు. ఇక్కడ హీలాను తాకడం కూడా నేరం’’ అన్నారు. నిజమే. అరిజోనా ప్రభుత్వం 1952లోనే దానికి చట్టరక్షణ కల్పించింది. సిగ్గుతో కర్ర పక్కన పెట్టేశాను. ఆ తరువాత ఆయనే నాకు గురువు.

ఆయన చెప్పిన పాఠం ఇది. హీలా తన జీవితంలో నూటికి తొంభై అయిదు పాళ్ళు నేల కిందనే గడుపుతుంది. గుడ్లు, గూళ్ళలోని పక్షి పిల్లలు, కుందేలు కూనలు దాని ఆహారం. ఒక్క పూటలో తన బరువులో మూడో వంతు మింగగలదు. ఆ కొవ్వును తోకలో దాచుకుంటుంది. అందుకే ఏడాదికి కొద్ది భోజనాలతో సరిపెట్టుకుంటుంది. తోక లావుగా ఉంటే బాగా తిన్నట్టు, సన్నగా ఉంటే పస్తున్నట్టు.

అలాంటిదాన్ని ఎక్కడ చూడాలి? రాళ్ళ గుట్టల దిగువన, ఎండిన వాగుల అంచున. ఎప్పుడు? ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కేలోపు, పక్షులు గుడ్లు పెట్టే రోజుల్లో. జులై, ఆగస్టు వానల తరువాత అయితే సాయంత్రాలు, రాత్రులు. వాగు ఇసుకలో అడుగుల జాడల నడుమ తోక ఈడ్చిన వంకర గీత కనిపిస్తే ఆ చుట్టుపక్కల ఉన్నట్టే. ‘‘దాన్ని వెతక్కండి. అది తిరిగే వేళకు, అది తిరిగే చోట మీరుండండి’’ అన్నారాయన.

మూడో వసంతం, 2009 ఏప్రిల్. పాలోవర్దీ చెట్లు పసుపుముద్దల్లా పూశాయి. వాగు ఒడ్డున కదలకుండా నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. అయిదో ఆదివారం, ఉదయం తొమ్మిది ప్రాంతంలో, పొదకింద ఎండుటాకులు గలగలమన్నాయి. మూరెడు పొడుగున్న ప్రాణి. ఒళ్ళంతా నల్లపూసలు, నారింజరంగు పూసలు కలిపి గుచ్చినట్టుంది. ఆ ‘పూసల’ లోపల నిజంగానే చిన్న చిన్న ఎముక ముక్కలుంటాయి. చీలిన నాలుకతో నేలను వాసన చూసుకుంటూ, గంగిరెద్దులా అటూ ఇటూ ఊగుతూ, ఏ తొందరా లేకుండా నా ముందు నుంచే నడిచిపోయింది. అయిదు నిమిషాలుంటుందేమో. నా వంక చూడనైనా లేదు. బండ కింద దూరేదాకా నేను ఊపిరి బిగపట్టే ఉన్నాను. కళ్ళు చెమర్చాయంటే మా ఆవిడ నేటికీ నవ్వుతుంది.

అది సాధుజంతువని అనుకోకండి. పాములాగా కాటు వేసి వదలదు. విషగ్రంథులు కింది దవడలో ఉంటాయి. కరిచి పట్టుకుని నములుతుంటే గాడులున్న పళ్ళ వెంట విషం గాయంలోకి పారుతుంది. అచ్చంగా మన ఉడుంపట్టే! భరించలేని నొప్పి, వాపు, రక్తపోటు పడిపోవడం. విరుగుడు మందు లేదు. మరణాలు చాలా అరుదు గాని, 2024లో కొలరాడోలో ఇంట్లో పెంచుకుంటున్న హీలా కరిచి ఒకాయన చనిపోయాడు. అయితే అడవిలో తనంతట తాను వెంటబడి కరిచే జంతువు కాదది. పట్టుకోబోయిన చేతినే కరుస్తుంది.

పూర్వం అక్కడి జనం దాని ఊపిరి తగిలితేనే చస్తారనుకున్నారు. దానికి మలద్వారం లేదని, ఆ కల్మషమంతా నోటి విషంగా మారుతుందని కథలల్లి, కనబడ్డదాన్నల్లా చంపారు. వాళ్ళను చూసి మనం నవ్వనక్కరలేదు. నలికండ్ల పాము కరిస్తే చస్తారని మనవాళ్ళు చెప్పుకోలేదా? దానికీ విషం లేదు. మన ఉడుముకు 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఇచ్చినా, మాంసానికీ చర్మానికీ దాన్ని వేటాడేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ రోజుల్లో హీలా అంతరించిపోయి ఉంటే నా ఇంజక్షన్ ఎక్కడి నుంచి వచ్చేది? ఏ ప్రాణి నోట ఏ మందు ఉందో ముందుగా చెప్పగలిగిన వాళ్ళు లేరు. మందు లేకపోయినా దాని బతుకు దానిది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు హాస్టలు గోడ పక్కన ఏదైనా కదిలితే రాయి తీయకండి. ఒక అయిదు నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి. నాకు ఆ విద్య అబ్బడానికి మూడు వసంతాలు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదనే ఈ నాలుగు ముక్కలు వ్రాశాను.