మోడెము కొనే ముందు తీగను వినండి

పిల్లలూ! మీ ఇంట్లో గాని, మీ తాతగారింట్లో గాని గోడ వెంట వచ్చే టెలిఫోను తీగను ఎప్పుడైనా పరీక్షగా చూచారా? పై తొడుగు లోపల ఉండేవి సన్నని రాగి తీగలు రెండే. ఆ రెండూ పురి పెట్టిన తాడులాగా ఒకదానినొకటి చుట్టుకొని ఉంటాయి. ఈ పురి అందం కోసం పెట్టింది కాదు. టెలిఫోనుకు పేరుపడ్డ గ్రాహంబెల్లుగారే 1881లో ఈ ఉపాయానికి పేటెంటు పుచ్చుకొన్నారు. తీగలకు పురి ఉంటే బయటినుంచి వచ్చే విద్యుత్ చప్పుడు రెండింటి మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. అవతలి చివర ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే ఆ చప్పుడు పోయి, అసలు మాట మిగులుతుంది.

ఆ రెండు తీగల మీదనే ఒక పక్క నాయనమ్మ ఫోనులో మాట్లాడుతూ ఉంటుంది, మరొక పక్క మీ కంప్యూటరులోకి పాఠాలూ, బొమ్మలూ వచ్చి పడుతూ ఉంటాయి. దీనినే డి.ఎస్.ఎల్. అంటారు. మన దేశంలో 2005 ప్రాంతాన ఇది విరివిగా ఇళ్ళకు చేరసాగింది. ఇప్పుడు చాలా ఊళ్ళలో దాని స్థానంలో గాజు తీగ, అంటే ఫైబరు, వచ్చింది. అయినా రాగి తీగ మీద నడిచే ఇళ్ళు ఇంకా లేకపోలేదు. జర్మనీలోనూ, ఇంగ్లండులోనూ కాపురాలున్న మనవాళ్ళలో కూడా కొందరు ఈ తీగతోనే వేగుతున్నారు.

ఒకే జత తీగల మీద రెండు పనులు ఎట్లా సాగుతాయి? హార్మోనియం పెట్టెను తలచుకోండి. ఎడమ వైపు మెట్లు నొక్కితే మంద్రంగానూ, కుడి వైపు మెట్లు నొక్కితే తారంగానూ పలుకుతుంది గదా! టెలిఫోనులో మన మాటకు సెకండుకు 300 నుంచి 3,400 కంపనాలు చాలు. అంటే పెట్టెలో ఎడమ చివర ఒక మూల అన్నమాట. మిగిలిన పెట్టె అంతా ఊరికే పడి ఉన్నది. దానిని వాడుకొనే యంత్రమే మోడెము. అది 25,000 కంపనాలకు పైనున్న మెట్లనన్నిటినీ ఒకేసారి వాయిస్తుంది. ఎక్స్ఛేంజిలో దానికి జోడైన యంత్రం ఏ మెట్టు ఏమి పలికిందో విడదీసి తెలుసుకొంటుంది. మొదటి రకం ఎ.డి.ఎస్.ఎల్.లో మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం 4,312.5 కంపనాలు, మెట్లు 256. గుణించి చూడండి, సరిగ్గా 11,04,000 వస్తుంది. ఆ పెట్టెకు అదే కుడి చివర. తరువాత వచ్చిన ఎ.డి.ఎస్.ఎల్. 2 ప్లస్‌లో మెట్లు 512. దాని చివర ఎక్కడో మీరే లెక్క కట్టండి.

ఇందులో ఇంకొక తెలివి ఉన్నది. మనం పంపేది కొంచెం, తెప్పించుకొనేది బోలెడు. అందుచేత 1,38,000 కంపనాల లోపు మెట్లు పంపడానికీ, పైవన్నీ తెప్పించుకోవడానికీ కేటాయించారు. ఇట్లా ఎక్కువ తక్కువలుగా పంచాలన్న ఆలోచన జోసెఫ్ లెక్లైడర్ అనే అమెరికా ఇంజనీరుది.

ఇక తగాదా ఎక్కడ వస్తుందంటే, చప్పుడు దగ్గర. ఏదైనా మెట్టు మీద చప్పుడు ఎక్కువైతే మోడెము దానికి పని తగ్గిస్తుంది. చప్పుడు ఒక్కసారిగా చాలా మెట్లను ముంచివేస్తే సంబంధమే తెగిపోతుంది. అప్పుడు రెండు యంత్రాలూ మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్క మెట్టూ సరిచూచుకొని సంధి చేసుకోవాలి. ఆ కాసేపూ పాఠం ఆగిపోతుంది. ఇంట్లో పెద్దలు, "ఈ మోడెము పాడయింది, కొత్తది తేవాలి," అంటారు. పదిసార్లలో ఎన్నిసార్లు పాపం దానిది కాదో!

మోడెము తన సంగతి తానే దీపాలతో చెబుతుంది. డి.ఎస్.ఎల్. అని రాసి ఉన్న దీపం నిలకడగా వెలిగితే తీగ మీద సంధి కుదిరిందన్నమాట. ఆరి ఆరి వెలుగుతుంటే ఇంకా వెతుక్కొంటున్నదని అర్థం. అది నిలకడగా ఉండి, ఇంటర్నెట్ దీపం మాత్రం వెలగకపోతే వాడుక పేరో, సంకేతపదమో, లేక ఎక్స్ఛేంజి అవతల ఏదో అడ్డం వచ్చింది. రెండూ చక్కగా వెలుగుతూ ఉన్నా వెనక గదిలో సెల్‌ఫోనుకు మాత్రం అందకపోతే, ఆ తప్పు వైఫైది, మధ్యనున్న గోడలది. కంప్యూటరును మోడెముకు తీగతో కలిపి చూస్తే ఈ చివరి అనుమానం అయిదు నిమిషాల్లో తీరిపోతుంది.

2020లో బడులు మూసి, పాఠాలు కంప్యూటరు మీద చెప్పే రోజుల్లో మా వీధిలో ఒక ఇంట ఇట్లాంటి గొడవే వచ్చింది. ఆ ఇంటి అమ్మాయి పదో తరగతి. సాయంకాలం లెక్కల పాఠం మంచి పట్టులో ఉండగా లైను తెగేది. తండ్రి చిన్న ఉద్యోగి. అప్పటికే ఒక మోడెము మార్చాడు, మూడోదానికి డబ్బు కూడబెడుతున్నాడు. ఇంతలో ఎవరో, "వెనక గదిలో ముసలమ్మగారి ఫోను పీకివేయండి, అదే శని," అన్నారు. ఆ నాయనమ్మకు చూపు ఆనదు, సెల్‌ఫోను వాడలేదు. రోజూ సాయంకాలం ఆమె చెల్లెలు పొరుగూరి నుంచి ఫోను చేస్తుంది. ఇద్దరూ అరగంట మాట్లాడుకొంటారు. ఆమెకు బయటి లోకంతో ఉన్న సంబంధం ఆ తీగ ఒక్కటే. మనుమరాలి చదువు చెడుతున్నదంటే ఆమె ఏమనగలదు? "తీసెయ్యండి నాయనా," అన్నది.

నేను ఆ అమ్మాయికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, "వారం రోజులు ఎవరూ దేనినీ ముట్టుకోవద్దు. లైను తెగినప్పుడల్లా వేళ ఎంతయిందో, అప్పుడు ఇంట్లో ఏమి జరుగుతున్నదో, ఏ దీపం ఆరిందో రాయి," అన్నాను. వారంలో లైను పదకొండుసార్లు తెగింది. అందులో తొమ్మిదిసార్లు ఫోను గంట మోగినప్పుడో, రిసీవరు ఎత్తినప్పుడో! తక్కిన రెండుసార్లు కరెంటు తటాలున పోయి వచ్చినప్పుడు.

"తప్పు నాయనమ్మ ఫోనుదేనండీ మాస్టారూ," అన్నది ఆ పిల్ల దిగులుగా.

"హాల్లో ఫోను కూడా అప్పుడే మోగుతుంది గదమ్మా! మరి దాన్ని ఎందుకు అనవు?" అన్నాను.

ఇద్దరం తీగ వెంట నడిచాము. హాల్లో ఫోనుకు ముందు చిన్న డబ్బీ ఉన్నది. దానినే ఫిల్టరు అంటారు. అది ఎడమ మూల మెట్లను మాత్రమే ఫోనుకు వదిలి, పై మెట్ల దగ్గరకు ఫోనును పోనివ్వదు. వెనక గదికి వెళ్ళే పాత తీగ ఆ డబ్బీకి ముందే చీలి, తిన్నగా ఫోనులోకి పోయింది. గంట మోగించడానికి ఎక్స్ఛేంజి తీగ మీదకు 75 వోల్టుల ప్రాంతంలో విద్యుత్తు పంపుతుంది. రిసీవరు ఎత్తగానే తీగ పరిస్థితి మళ్ళీ మారుతుంది. ఫిల్టరు లేని ఫోనులో ఆ కుదుపు పై మెట్లన్నిటినీ కదిలించివేస్తుంది. మోడెము ధరతో పోలిస్తే ఫిల్టరు ధర ఏపాటిది? దాన్ని తగిలించిన సాయంకాలం అక్కాచెల్లెళ్ళ కబుర్లూ, త్రికోణమితి పాఠమూ ఒకే తీగ మీద సాగినవి. కరెంటు పోయినప్పటి రెండు తెగుళ్ళకు మందు వేరు: మోడెముకు చిన్న బ్యాటరీ పెట్టె.

ఒక జాగ్రత్త. ఫిల్టరు ఫోనుకే తగిలించాలి, మోడెముకు తగిలించరాదు. మూడు రంధ్రాల స్ప్లిట్టరు అయితే లైను, ఫోను, మోడెము అని దాని మీదనే రాసి ఉంటుంది. చదివి పెట్టండి. గంట మోగేటప్పుడు వట్టి తీగ తగిలితే చెయ్యి జిల్లుమంటుంది. కనుక తీగలు విప్పే పని పెద్దలది, నోటుపుస్తకం పని మీది.

మీ ఇంట్లో ఫిల్టర్లన్నీ సరిగానే ఉన్నవనుకోండి. అప్పుడు తీగను వినండి. రిసీవరు ఎత్తి ఏదైనా ఒక్క అంకె నొక్కితే డయలు టోను ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో గరగర, చిటపట వినిపిస్తే ఎక్కడో అతుకు చెడింది. రాగికి తేమ తగిలి పచ్చని చిలుము పడితే ఇట్లాగే అవుతుంది. వానాకాలంలో లైను తెగి, ఎండ కాయగానే కుదురుకొంటే చిలుమునే అనుమానించాలి. ఆ అతుకు ఇంట్లో ఉన్నదా, బయట ఉన్నదా? బయటి తీగ ఇంట్లోకి అడుగుపెట్టే మొదటి సాకెట్టు దగ్గర మిగిలిన ఫోనులూ, తీగలూ అన్నీ విప్పి, మోడెము ఒక్కదాన్నే తగిలించి ఒకటి రెండు రోజులు చూడండి. అక్కడ నిలకడగా ఉంటే తప్పు ఇంటి లోపలి తీగలది. అక్కడా తెగితే తప్పు బయటిది, లేదా మోడెముది. ఈ రెంటిలో ఏదో తేలాలంటే డబ్బు అక్కరలేదు. పక్కింటివారి మోడెము ఒక పూట అడిగి తెచ్చి, అదే సాకెట్టులో పెట్టండి. మీది వారింట్లో పెట్టి చూడండి. మీ మోడెము వారింట్లో హాయిగా నడిచి, వారిది మీ ఇంట్లో తెగుతుంటే, ఆ సంగతి రాసుకొని టెలిఫోను వారికి చెప్పండి. "నెట్టు రావడం లేదు" అనే ఫిర్యాదు కన్నా, "మొదటి సాకెట్టు దగ్గర, ఫోనులన్నీ తీసినా, రెండు మోడెములతోనూ తెగుతున్నది" అనే ఫిర్యాదుకు లైనుమనిషి త్వరగా కదులుతాడు.

మోడెమును అనే ముందు దాని అడాప్టరును కూడా చూడండి. ఏళ్ళ తరబడి వేడెక్కి అది నీరసిస్తుంది. దాని మీద 12 వోల్టులని ఉంటే కొత్తదీ 12 వోల్టులదే కావాలి. ప్లస్, మైనస్ గుర్తులు కలవాలి. ఆంపియర్లు సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండవచ్చు, తక్కువ కూడదు.

చప్పుడు చేసే దొంగను పట్టడానికి మరొక సరదా ఉపాయం ఉన్నది. అటక మీద తాతగారి మీడియం వేవ్ రేడియో ఉంటే దింపండి. హైదరాబాదు 'ఎ' కేంద్రం వినిపించిన 738 కిలోహెర్ట్‌జ్ అంటే సెకండుకు 7,38,000 కంపనాలు. మన హార్మోనియంలో అది మోడెము మెట్ల నడిమధ్యనే ఉన్నది చూచారా! కనుక మోడెమును బాధించే చప్పుడు రేడియోకూ వినిపిస్తుంది. ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపి, రేడియో పట్టుకొని ఇల్లంతా తిరగండి. చవక రకం ఎల్.ఇ.డి. దీపాలు, సెల్‌ఫోను ఛార్జర్లు, పండగ దీపాల తోరణాలు దగ్గరకు రాగానే రేడియో 'బర్ర్' మంటుంది. ఒక్కొక్కటే ఆర్పి చూస్తే దొంగ దొరుకుతాడు.

ఇప్పుడు మోడెమే చెడిందని తేలిందనుకోండి. దుకాణంలో కొమ్ములెన్ని ఉన్నవో చూడకండి. ఆ కొమ్ములు వైఫై కోసం, తీగకూ వాటికీ సంబంధం లేదు. చూడవలసింది వెనక వైపు: టెలిఫోను ప్లగ్గు పట్టే సన్నని రంధ్రం, డి.ఎస్.ఎల్. అనే పేరుతో ఉన్నదా లేదా? అది లేక, వెడల్పాటి ప్లగ్గు రంధ్రాలు మాత్రమే ఉన్న పెట్టెలు ఎక్కువగా అమ్ముతారు. అవి వట్టి రౌటర్లు, టెలిఫోను తీగ వాటికి పట్టదు. తరువాత మీ ఎక్స్ఛేంజి ఇచ్చేది ఎ.డి.ఎస్.ఎల్. 2 ప్లస్సా, వి.డి.ఎస్.ఎల్. 2 ఆ అని అడగండి. రెండోది ఇంకా పై మెట్లు వాయిస్తుంది గాని, ఎక్స్ఛేంజికి దూరంగా ఉన్న ఇళ్ళకు ఆ మెట్లు చేరవు. పెట్టె మీద అనెక్స్ 'ఎ' అని ఉండాలి. జర్మనీ నుంచి అన్నయ్య తెచ్చిన మోడెము అనెక్స్ 'బి' రకానిదైతే ఎంత ఖరీదైనా మన తీగ మీద పనికిరాదు. ఆ దేశంలో ఐ.ఎస్.డి.ఎన్. అనే వేరొక టెలిఫోను పద్ధతికి తగినట్లు ఎడమ వైపు ఎక్కువ మెట్లు వదిలి చేసినది అది.

మీ తీగ ఎంత పొడవో మోడెమే చెబుతుంది. కంప్యూటరులో 192.168.1.1 అని కొట్టితే చాలా మోడెముల లోపలి పుట తెరుచుకొంటుంది. అక్కడ అటెన్యుయేషన్ అనే అంకె తీగలో శక్తి ఎంత హరించిందో తెలుపుతుంది. ప్రతి 10 డెసిబెల్లకూ పదింట ఒక వంతే మిగులుతుంది. 60 అని ఉంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు మాత్రమే చేరుతున్నదన్నమాట! అంత దూరపు తీగకు ఏ మోడెమూ మంత్రం వేయలేదు. ఎస్.ఎన్.ఆర్. మార్జిన్ అనేది మరొక అంకె. తరగతిలో పిల్లల గోలను మించి పంతులుగారి గొంతు వినిపిస్తే చాలదు, గోల హఠాత్తుగా పెరిగినా వినిపించేటంత మిగులు ఉండాలి. ఆ మిగులే మార్జిన్. 6 డెసిబెల్ల కంటే తక్కువైతే లైను తెగే భయం ఉన్నది. పది దాటితే నిశ్చింత. పగలొకసారి, రాత్రొకసారి ఈ అంకె రాసుకోండి. పొడవాటి తీగల మీద ఒక మోడెము నిలిచినచోట మరొకటి నిలవకపోవచ్చు. ఎక్స్ఛేంజి యంత్రంలోని చిప్పూ, మోడెము చిప్పూ ఒకే కంపెనీవైతే పొందిక మేలుగా ఉండడం కద్దు. అందుకే దుకాణదారు మాట కన్నా, మీ వీధిలో ఎవరి మోడెము తెగకుండా నడుస్తున్నదో వారి మాట విలువైనది.

కొనే ముందు తల్లిదండ్రులు అడగవలసింది ఇంకొకటి ఉన్నది: మా వీధికి ఫైబరు ఎప్పుడు వస్తుంది? కొద్ది నెలల్లో వచ్చేట్లుంటే కొత్త డి.ఎస్.ఎల్. మోడెము దండగ. గాజు తీగకు అది పనికిరాదు, దానికి వేరే పెట్టె కావాలి.

కొత్తదైనా, పాతదైనా మోడెము వెనక సూది పట్టేటంత చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని చూస్తే మీకు చేతులు ఊరుకోవని నాకు తెలుసు. అందులో సూది గుచ్చి నొక్కి ఉంచితే లోపలి అమరికలన్నీ చెరిగిపోతాయి. వాడుక పేరు, సంకేతపదం, వి.పి.ఐ., వి.సి.ఐ. అనే రెండు అంకెలు (మన దేశంలో తరచుగా 0, 35) ముందే నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గు ఒక్కటే తీసి ఊరుకోకండి. పిడుగు టెలిఫోను తీగ వెంట కూడా వస్తుంది. మబ్బు పట్టగానే, ఉరుములు వినబడకముందే, రెండు ప్లగ్గులూ పెద్దలచేత తీయించండి.