పిల్లి బొచ్చు ఊడిందా, పీకేసుకుందా?

మా బూడిదరంగు పిల్లి ఓ పొద్దున వెల్లకిలా దొర్లితే చూశాం: పొట్ట మీద బొచ్చు లేదు! క్షవరం చేసినట్టు నున్నగా ఉంది. పుండు లేదు, ఎరుపూ లేదు. ‘‘ఊడిపోతోంది డాక్టర్‌గారూ’’ అన్నాను. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. బోడి మచ్చ అంచున నాలుగు వెంట్రుకలు లాగి మైక్రోస్కోప్ కింద పెట్టారు. కొసలు సూదిమొనలా ఉంటే బొచ్చు తనంతట తాను రాలుతున్నట్టు. అరిగిన చీపురుపుల్లలా మొండిగా ఉంటే పిల్లే నాకి తెంపుతున్నట్టు. మాకు వచ్చినవన్నీ మొండి కొసలే.

బొచ్చు ఊడిందని తెచ్చే పిల్లుల్లో చాలావాటి కథ ఇదేనట. పిల్లి నాలుక మీద వందల ముళ్లుంటాయి. మన గోళ్లలో ఉండే కెరటినే వాటిలోనూ ఉంటుంది. అన్నీ గొంతువైపే వంగి ఉంటాయి. ‘‘నాక్కోవడం మేమెప్పుడూ చూడలేదే’’ అనకండి. కళ్లు మూసుకుని పాలు తాగే జాతి అది, మంచం కింద చేరి పని కానిచ్చేస్తుంది.

తోక మొదట్లో, తొడల వెనక పలచబడితే ముందు అనుమానించాల్సింది ఫ్లీలను, అంటే బొచ్చులో గెంతే గోధుమరంగు చిన్న పురుగులను. వాటి ఉమ్మి పడని పిల్లికి ఒకటి రెండు కాట్లు చాలు. అయితే వెతికితే పురుగు దొరకదు, ఎందుకంటే దురదకు నాకుతూ పిల్లే మింగేస్తుంది. పేల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి తెల్లకాగితం మీద వేయండి. ఎర్రటి చార దిగిందా, అది పురుగు తాగి విసర్జించిన నెత్తురు. అలాగని కుక్కలకు అమ్మే పర్మెత్రిన్ చుక్కలు మాత్రం వేయొద్దు. ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. వణుకు, ఫిట్స్, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

గుండ్రటి మచ్చలు, పొలుసులు ఉంటే తామర కావచ్చు. అది ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపపు వెలుగులో కొన్ని పిల్లుల వెంట్రుకలు పచ్చగా మెరుస్తాయి. మెరవనంత మాత్రాన తామర లేదనుకోకూడదు.

ముసలి పిల్లికి పొట్టా కాళ్లూ హఠాత్తుగా బోడిగా మారి, చర్మం అద్దంలా నిగనిగలాడితే ఆలస్యం చేయొద్దు. అరుదే గానీ, క్లోమంలో కణితి ఉన్నా అలా అవుతుంది.

‘‘బెంగ పెట్టుకుందేమో’’ అన్నది మా అమ్మ. ఇల్లు మారాం మరి! నిజంగా బెంగతో నాక్కునే పిల్లులూ ఉన్నాయి, కానీ మనం అనుకున్నన్ని లేవు. మానసికమే అని భావించిన 21 పిల్లుల్ని క్షుణ్ణంగా పరీక్షించి, ఆ ఫలితాలను 2006లో ప్రచురించారు. వాటిలో 16 పిల్లులకు శారీరక కారణాలే దొరికాయి. అచ్చంగా బెంగ తేలినవి రెండే. మాదానికి మూత్రాశయంలో మంట. ఇసుక డబ్బాలోకి మాటిమాటికీ వెళ్లి చుక్క చుక్కగా పోస్తుంటే, ఒళ్లు శుభ్రంగా ఉంచుకుంటోందని మురిసిపోయాం! నొప్పి లోపలుంటే పైన నాకడం పిల్లి చేసుకునే వైద్యం. మగపిల్లికి మూత్రం బొత్తిగా ఆగిపోతే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

ఇక కంగారు అక్కర్లేని సంగతి: కంటికీ చెవికీ మధ్య బొచ్చు పలచగా ఉండటం చాలా పిల్లులకు సహజమే.

అన్నట్టు, సయామీ పిల్లికి ఆపరేషన్ కోసం గొరిగిన చోట బొచ్చు నల్లగా మొలవొచ్చు. దాని రంగు పదార్థం చల్లటి చర్మంలోనే తయారవుతుంది. చెవులు, తోక నల్లగా ఉండటమూ అందుకే. బోడిచోటు చల్లబడితే అక్కడా నలుపే. ఆ బొచ్చు రాలి కొత్తది వచ్చేదాకా ఒంటి మీద మాసిక వేసినట్టే తిరుగుతుంది.