పాత ఔట్‌బోర్డు మోటారు జ్వలన వ్యవస్థ – సవరణ

ఉక్కునగరం సమీపంలోని అప్పికొండ వంటి తీరాలలో, అలలు విరిగే చోటు దాటుతుండగా మోటారు ఆగిపోతే పడవ అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదముంది. పాత మోటారు మొరాయించినప్పుడు స్పార్క్ ప్లగ్ మార్చి సరిపెట్టుకోవడం పరిపాటి. అయితే లోపం తరచుగా ఫ్లైవీల్ కిందనున్న మాగ్నెటోలో ఉంటుంది. పాత పెట్రోలు స్ప్రేయర్లలోనూ ఇదే పద్ధతి కనుక రైతులకూ ఈ విషయం ఉపయోగకరం.

ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు తిరిగినప్పుడు కాయిల్ ప్రాథమిక చుట్టలో విద్యుత్తు పుడుతుంది. కాంటాక్ట్ పాయింట్లు విడివడగానే ఆ ప్రవాహం తెగి, ద్వితీయ చుట్టలో వేల వోల్టులు ఏర్పడి ప్లగ్ వద్ద నిప్పురవ్వ వెలువడుతుంది. అందువల్ల పాయింట్ల ఎడం పెరిగితే రవ్వ ముందుగాను, తగ్గితే ఆలస్యంగాను పడుతుంది.

మొదట ప్లగ్ తీగలను విడదీయాలి. ఫ్లైవీల్‌ను పుల్లర్‌తోనే తీయాలి, సుత్తితో కొట్టరాదు. ఉప్పుగాలికి పాయింట్లపై ఏర్పడిన పొరను సన్నని ఆకురాయితో తొలగించి, స్పిరిట్‌తో తుడవాలి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న స్థితిలో ఎడాన్ని ఫీలర్ గేజితో కొలవాలి. అనేక పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు ఇది 0.020 అంగుళాలు, అనగా సుమారు 0.5 మి.మీ. పాయింట్లు త్వరత్వరగా కాలిపోతుంటే కండెన్సర్‌ను, పైపొర పగిలి ఉంటే కాయిల్‌ను మార్చాలి. ఫ్లైవీల్ తాళపు ముక్క అరిగినా రవ్వ సమయం తప్పుతుంది.

చివరగా పెట్రోలు ఆవిరికి దూరంగా, ప్లగ్ లోహభాగాన్ని ఇంజనుకు ఆనించి రవ్వను పరీక్షించాలి. నీలిరంగులో చిటపటమంటూ రవ్వ వచ్చిన తరువాతే పడవను నీటిలోకి దించాలి.