గర్భిణులు చెట్ల మందులు వాడొచ్చా?

‘చెట్ల మందే కదా, ఏం కాదులే’ అనుకుంటున్నారా? అన్నీ అలా ఉండవు. వంటలో వేసే కొద్దిపాటి అల్లంతో సాధారణంగా ఇబ్బంది లేదు. ఆముదం తాగితే మాత్రం విరేచనాలతో పాటు నొప్పులు మొదలుకావచ్చు. కలబంద పసుపు పసరు తాగొద్దు. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. భారత్‌లో తయారైన ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం అధికంగా ఉన్నట్లు 2011-12లో న్యూయార్క్‌లో తేలింది.

ఏం చేయాలి?

చిలుకూరు, కోదాడ ప్రాంత గర్భిణులు నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ‘సురక్షిత మాతృత్వ అభియాన్’ ఉచిత పరీక్షలకు వెళ్లొచ్చు. వాడుతున్న పొడి, కషాయం, లేహ్యం ఏదైనా సరే, వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. రక్తస్రావం, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయండి.