రొదతో పందెం

1910లో అమెరికా నౌకాదళానికి యూటా రాష్ట్రం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రంగురంగుల కాగితం మీద ఊదారంగు సిరా. రాసినాయన పేరు నథానియల్ బాల్డ్విన్. చెవులకు తగిలించుకుని వినే సాధనం ఒకటి చేశాననీ, పరీక్షించి చూడమనీ అడిగాడు. చూసిన అధికారులు తెల్లబోయారు. అప్పటిదాకా తాము వాడుతున్న వాటిలో ఏదీ దీని దరిదాపుల్లోకి రాదు. సరే, పెద్ద ఎత్తున పంపమంటే బాల్డ్విన్ ఒక చిక్కు చెప్పాడు. ఒక విడతకు పది మాత్రమే చేయగలనన్నాడు. ఆయన కార్ఖానా వాళ్ల వంటింట్లోనే ఉంది మరి.

ఆయనకు ఈ పిచ్చి పట్టింది ప్రార్థనా మందిరంలోనట. బాల్డ్విన్ మోర్మన్ మతస్థుడు. కిక్కిరిసిన జనంలో ప్రసంగం సరిగా చెవిన పడక, శబ్దాన్ని పెంచే మార్గాలు వెతకడం మొదలుపెట్టాడు. అంటే ఈ యంత్రం పుట్టుకలోనే ఒక తగాదా ఉంది. వినాలనుకున్న మాటకూ చుట్టూ ఉన్న గోలకూ మధ్య తగాదా. ఆ తరవాత హెడ్‌ఫోన్స్ ఎన్ని వేషాలు మార్చినా ఆ తగాదా తెగలేదు. మన చెవులు దెబ్బతినేది కూడా అందులోనే.

బాల్డ్విన్ సాధనానికి విడిగా కరెంటు అక్కర్లేదు. ఒక్కో చెవి డబ్బాలో దాదాపు మైలు పొడవున సన్నని రాగితీగ చుట్ట, ఒక అయస్కాంతం, ఒక పల్చటి పొర. వైర్‌లెస్ పెట్టె నుంచి వచ్చే పిసరంత విద్యుత్తుకే ఆ పొర కదిలేది. ఆ రోజుల్లో చెవికి భయమేమీ లేదు. వచ్చే శబ్దం చాలకపోవడమే బాధ. ఆయన లక్షలు గడించి, 1924లో దివాలా తీసి, చివరికి జైలుకు కూడా వెళ్లాడు. అదంతా వేరే కథ.

చాలాకాలం హెడ్‌ఫోన్స్ పనిముట్లుగానే ఉండిపోయాయి. నావికులు, టెలిఫోన్ ఆపరేటర్లు, పైలట్లు వాడేవారు. పాట వినడానికని తగిలించుకునేవారు తక్కువ. 1958లో మిల్వాకీ నగరంలో జాన్ కాస్ అనే వ్యాపారి ఒక ప్రదర్శనలో తన కొత్త రికార్డ్ ప్లేయర్ పెట్టాడు. అంతకు ముందు ఆయన ఆసుపత్రుల్లో రోగులకు టీవీలు అద్దెకిచ్చేవాడు. స్టీరియో ఎలా ఉంటుందో జనానికి చూపించడానికి పక్కన ఒక జత హెడ్‌ఫోన్స్ కూడా ఉంచాడు. వచ్చినవాళ్లు ప్లేయర్‌ను వదిలేసి వాటికోసం ఎగబడ్డారు. పెళ్లికొడుకుని వదిలి తోడు పెళ్లికొడుకు చుట్టూ చేరినట్టయింది.

1979 జూలై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ వచ్చింది. దానికి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు, ఒక నారింజరంగు మీట. ఒక్కడే కూర్చుని వినడం మర్యాద కాదేమోనని సంస్థ అధిపతి అకియో మొరీటా జంకాడు. అందుకే ఇద్దరు కలిసి వినే ఏర్పాటు. ఆ మీట నొక్కితే పాట తగ్గి, మైకు ద్వారా పక్కవాళ్ల మాట వినిపించేది. జనం మాత్రం ఒంటరిగానే విన్నారు. ఆ మీట తరవాత తరవాత మాయమైంది.

నన్నడిగితే మీటకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. వాక్‌మన్‌తో వచ్చిన హెడ్‌ఫోన్స్ తేలికైనవి, చెవి మీద నురగ స్పాంజీ ఆనించుకునే రకం. బయటి శబ్దం వాటిలోంచి నేరుగా లోపలికొస్తుంది. అటువంటివి పెట్టుకుని జనం రైలెక్కారు, రోడ్డెక్కారు. ఇంట్లో ఉండాల్సిన పాట హోరులోకి వచ్చిపడింది. హోరుమీద గెలవడానికి చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, వాల్యూమ్.

ఇది మీకూ అనుభవమే అయ్యుంటుంది. సాయంత్రం సిటీ బస్సులో పాట హాయిగా వినిపిస్తుంది. ఇంటికొచ్చి, తలుపేసుకుని, అదే పాట అక్కడే మొదలుపెడితే గుండె గుభేలుమంటుంది. ఫోన్ అదే, ఇయర్‌ఫోన్స్ అవే, వాల్యూమ్ గీత కూడా కదల్లేదు. అరగంట కిందట హాయిగా అనిపించింది ఇదే.

ఆ అరగంటలో లోపల ఏం జరిగిందో చూడటానికి దారి చూపినవాడు ఒక టెలిఫోన్ మనిషి కావడం విచిత్రం. గియార్గ్ ఫాన్ బెకషీ బుడాపెస్ట్‌లో టెలిఫోన్ ప్రయోగశాల ఇంజనీరు. తంతిలో ఏ భాగాన్ని బాగుచేస్తే మాట స్పష్టంగా వినిపిస్తుందో తేల్చడం ఆయన పని. ముందు చెవి ఏపాటి యంత్రమో తెలియాలి కదా అనుకుని, చనిపోయినవారి చెవులను తెరిచి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా లోపల ఒక పొర ఉంటుంది. శబ్దం వచ్చినప్పుడు దానిమీద అల పాకుతుంది. సన్నని కీచు స్వరానికి ఆ అల మొదట్లోనే పైకి లేస్తుంది. బొంగురు స్వరానికి చివరిదాకా పోయి లేస్తుంది. ఇది కనిపెట్టినందుకు 1961లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆ పొరమీద ఒక్కో చెవికి సుమారు 15,000 రోమ కణాలుంటాయి. అల వచ్చినప్పుడు వాటి కొసలు వంగుతాయి, నరానికి కబురు పోతుంది. గాలికి వరిపైరు వంగినట్టే, కాసేపు ఊగి మళ్లీ నిలబడతాయి. గాలివానలా మోదితే పడిపోతాయి. పడిపోయిన పైరు మళ్లీ వేసుకోవచ్చు, ఇవి మాత్రం మళ్లీ మొలవవు. కోళ్లకు మొలుస్తాయి. ఈ ఒక్క విషయంలో కోడి మనకంటే అదృష్టవంతురాలు.

మొదట దెబ్బతినేది ఎక్కువ పౌనఃపున్యాలు వినే భాగం, 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. అందుకే మనిషికి చెవుడు వస్తున్నట్టే తెలియదు. బస్సు హారన్ వినిపిస్తుంది, తలుపు చప్పుడు వినిపిస్తుంది. జారిపోయేవి హల్లులు. పప్పు, తప్పు, కప్పు అన్నవి ఒకేలా వినిపిస్తాయి. కంచికీ సంచికీ తేడా దొరకదు. వినిపిస్తోంది కానీ ఏమంటున్నారో అర్థం కావడం లేదనే మాట అక్కడ పుడుతుంది. ఎదుటివాళ్లు గొణుగుతున్నారని మనం విసుక్కుంటాం.

పాట ఆపాక చెవిలో గుయ్‌మని మోగి, పొద్దుటికి తగ్గితే ఏమీ కాలేదనుకుంటాం. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఎలుకలకు రెండు గంటలు పెద్ద శబ్దం వినిపించి చూశారు. కొన్నాళ్లకు వాటి వినికిడి పరీక్షలు మామూలైపోయాయి. రోమ కణాలూ ఉన్నాయి. కానీ ఆ కణాలను నరంతో కలిపే అతుకులు కొన్నిచోట్ల సగం దాకా పోయాయి.

ఎంత శబ్దం ఎంతసేపు అన్న లెక్క డెసిబెల్స్‌లో ఉంటుంది. గ్రాహంబెల్ పేరు మీద టెలిఫోన్ ఇంజనీర్లు పెట్టుకున్న కొలత అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు, 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపవుతుంది, కాబట్టి సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. 98 దగ్గరికొచ్చేసరికి వారమంతటికీ కలిపి ముప్పావు గంట కూడా మిగలదు. మోసమంతా ఆ మూడింటిలోనే ఉంది. చెవికి అది ‘కాస్త పెంచాను’ అన్నంతే. లెక్కలో సగం వారం పోయింది.

ప్రభుత్వాలు వాల్యూమ్‌కు కళ్లెం వేయాలని చూశాయి. ఫ్రాన్స్ 100 డెసిబెల్స్ హద్దు పెడితే, 2002లో ఆపిల్ అక్కడ ఐపాడ్ అమ్మకాలు ఆపి, సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. తరవాత యూరప్ అంతటా 85 దాటేముందు హెచ్చరించే ప్రమాణం వచ్చింది. మన ఫోన్లలో కనిపించే ఆ హెచ్చరికను చదవకుండానే ‘ఓకే’ నొక్కేస్తాం. నేనూ అంతే.

అసలు సంగతి 2006లో బ్రయాన్ ఫ్లిగర్, టెరీ ఐవ్స్ చేసిన పరిశీలనలో ఉంది. వంద మంది విద్యార్థులకు నచ్చినంత పెట్టుకుని వినమన్నారు. నిశ్శబ్దంగా ఉన్నచోట 85 డెసిబెల్స్ దాటినవాళ్లు 6 శాతమే. విమానం హోరులాంటిది పెట్టేసరికి మామూలు ఇయర్‌ఫోన్స్‌తో 80 శాతం దాటేశారు. అదే హోరులో, చెవిలో బిగుతుగా కూర్చుని బయటి శబ్దాన్ని ఆపే రకం ఇస్తే 20 శాతమే దాటారు. ‘ఈ కుర్రాళ్లకు సౌండ్ పిచ్చి’ అని తిట్టే పెద్దలు ఈ అంకెలు ఒకసారి చూడాలి. ఆ కుర్రాళ్లకు పిచ్చేమీ లేదు, హోరు తగ్గిస్తే వాళ్లే తగ్గిస్తున్నారు.

హోరును హోరుతోనే చంపవచ్చని జర్మనీకి చెందిన పాల్ లూగ్‌కు 1936లోనే పేటెంటు దొరికింది. అల పైకి లేచేచోట దాన్ని కిందికి లాగే అలను పుట్టిస్తే రెండూ చెల్లిపోతాయి. ఆలోచన బాగానే ఉంది, చేసి చూపడానికి ఆనాటి ఎలక్ట్రానిక్స్ చాల్లేదు. 1978లో ఆడియో ఇంజనీరు అమర్ బోస్ జూరిక్ నుంచి విమానమెక్కాడు. విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంజన్ మోతలో పాట మునిగిపోయింది. వాల్యూమ్ పెంచే బదులు ఆయన కాగితం తీసి లెక్కలు వేశాడు, దిగేలోపు మూల సూత్రం తేల్చుకున్నాడు. పైలట్లకు పనికొచ్చే హెడ్‌సెట్ బజారులోకి రావడానికి మాత్రం 1989 దాకా పట్టింది. ఇంజన్, ఫ్యాన్, ఏసీలాంటి ఏకధాటి మోతమీద ఇది బాగా పనిచేస్తుంది. హారన్, కండక్టర్ కేక మీద అంతగా పనిచేయదు. రోడ్డు దాటేవాడికి అదీ ఒక మేలే, అయినా దాటేటప్పుడు తీసేయడమే నయం.

అంత ఖరీదైనవి కొననక్కర్లేదు. రబ్బరు తొడుగున్న మామూలు ఇయర్‌ఫోన్స్, మన చెవికి సరిపోయే సైజు తొడుగుతో పెట్టుకుంటే, హోరులో చాలా భాగాన్ని గుమ్మంలోనే ఆపుతాయి. ఈమధ్య నేను రాత్రి గదిలో పెట్టుకున్న గీతను కదపకుండా పొద్దున బస్సెక్కుతున్నాను. కిటికీ పక్కన సీటు దొరికితే పల్లవి వినిపిస్తుంది. ఇంజన్ పక్కన దొరికితే తీసి జేబులో పెట్టుకుంటాను. ట్రాఫిక్‌లో బండి ఎక్కడైనా ఇరుక్కుని డ్రైవర్ ఇంజన్ ఆపితే, చరణం దగ్గర మళ్లీ అందుకుంటాను.