మైదానంలో ఆగిన గుండె – మరల ఆటకు వచ్చిన క్రీడాకారుడు

మానవ శరీరంలో నూటయేడు మర్మములు కలవని సుశ్రుతాచార్యులు చెప్పారు. వానిలో హృదయం సద్యఃప్రాణహర మర్మం. అనగా గాయపడినచో త్వరితంగా ప్రాణములను హరించునది. చరకాచార్యులు శిరస్సు, హృదయం, వస్తి అను మూడింటిని ప్రధాన మర్మములుగా ఎంచి, హృదయాన్ని ఇంటికప్పును మోసే నడిదూలంతో పోల్చారు. మన సీమ మిద్దెలను ఎరిగినవారికి ఈ పోలికను వివరించనక్కరలేదు. దంతెలు ఎంత గట్టివైనా దూలం జారితే మిద్దె నిలువదు. కండలు తిరిగిన క్రీడాకారుని విషయంలోనూ అంతే.

"రోజూ పరుగెత్తేవాడు, వ్యసనాలు లేనివాడు, ఆడుతూ ఆడుతూ కూలిపోవుట ఏమిటి?" అని ఈ మధ్య తలిదండ్రులు ఆందోళనతో అడుగుచున్నారు. కొందరు పిల్లలను మైదానానికి పంపుటకే జంకుచున్నారు. ఈ భయాన్ని తొలగించుటకు, తెలిసికొనవలసినది తెలుపుటకు లోకమంతా చూచిన ఒక ఉదంతాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

కోపెన్‌హేగన్‌లో జరిగినది

2021 జూన్ 12. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో యూరోపియన్ ఫుట్‌బాల్ పోటీలు. డెన్మార్క్, ఫిన్లాండ్ జట్లు ఆడుచున్నవి. మొదటి సగం ముగియవచ్చే సమయంలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్‌సన్ ఎవరూ తాకకుండానే గడ్డిపై కుప్పకూలాడు. అప్పటికతని వయస్సు 29 సంవత్సరాలు.

జట్టు వైద్యుడు మోర్టెన్ బోసెన్ పరుగున చేరేసరికి శ్వాస ఆడుచున్నది, నాడి తెలియుచున్నది. అంతలోనే స్థితి మారిపోయినది. క్షణం ఆలస్యం చేయక ఛాతీపై నొక్కుట ప్రారంభించారు. సహచరులు చుట్టూ తెరవలె నిలిచారు. డీఫిబ్రిలేటర్ అను యంత్రంతో ఒక్కసారి విద్యుత్ ఘాతం ఇవ్వగానే ఆగిన గుండె మరల కొట్టుకొన్నది. మైదానం దాటేనాటికే అతనికి స్పృహ వచ్చినది.

ఆసుపత్రిలో అతని ఛాతీలో ఐ.సి.డి. అను చిన్న పరికరాన్ని అమర్చారు. ఇది గుండె లయను ఎల్లవేళలా కనిపెట్టి, ప్రమాదకరంగా తప్పినపుడు తానే విద్యుత్ ఘాతమిచ్చి సరిచేయును. జూన్ 18న అతడు ఇంటికి చేరాడు. అయితే ఇటలీ నిబంధనలు ఆ పరికరం ఉన్నవారిని అక్కడి పోటీలలో ఆడనివ్వవు. అందువలన ఇంటర్ మిలాన్ జట్టుతో అతని ఒప్పందం ఆ డిసెంబరులో ముగిసినది. అతడు ఓపికగా పరీక్షలు చేయించుకొంటూ, కొంచెం కొంచెంగా సాధన పెంచుకొంటూ వచ్చి, 2022 ఫిబ్రవరి 26న ఇంగ్లండులోని బ్రెంట్‌ఫోర్డ్ జట్టు తరఫున మైదానంలో అడుగుపెట్టాడు. కూలిన దినం నుండి లెక్కిస్తే 259వ దినం. మార్చిలో తాను కూలిన ఆ కోపెన్‌హేగన్ మైదానంలోనే సెర్బియాపై గోలు చేశాడు. 2024 జూన్ 16న తిరిగి యూరోపియన్ పోటీలలో స్లొవేనియాపై మరొక గోలు చేశాడు.

అందరి కథా ఇట్లే ముగియదు. 2012 మార్చి 17న లండన్‌లో ఫాబ్రిస్ మువాంబా అను యువ ఆటగాని గుండె 78 నిమిషాల పాటు తనంతట తాను కొట్టుకొనలేదు. వైద్యులు విడువక శ్రమించగా బ్రతికాడు గాని, కొన్ని నెలలకే వైద్యుల సలహాపై ఆటను మానుకొన్నాడు. మన దేశంలో 2004 డిసెంబరు 5న బెంగళూరులో జరిగిన ఫెడరేషన్ కప్ ఫైనల్‌లో డెంపో జట్టు ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్‌కీపరును ఢీకొని కూలి మరణించాడు. మైదానంలో తక్షణ చికిత్సకు తగిన ఏర్పాట్లు లేవన్న విమర్శ అప్పుడు గట్టిగా వినబడినది.

గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు

ఈ రెంటినీ ఒకటిగా భావించుట పొరపాటు. గుండె కండరానికి రక్తాన్ని అందించే నాళం పూడుకొన్నపుడు వచ్చేది గుండెపోటు. అప్పుడు సాధారణంగా రోగికి స్పృహ ఉండును. ఛాతీలో బరువు, ఎడమచేయి లాగుట, చెమటలు పట్టుట వంటివి కనిపించును. డాక్టర్లు కార్డియాక్ అరెస్ట్ అని చెప్పేది మరొకటి. గుండెను నడిపించే విద్యుత్ లయ చెదరి, గుండె వణకుట తప్ప రక్తాన్ని తోయలేని స్థితి అది. మనిషి క్షణాలలో స్పృహ తప్పును, నాడి అందదు. గుండెపోటు దీనికి దారితీయవచ్చును గాని, యువకులలో పుట్టుకతో వచ్చిన గుండెకండర దోషం, రక్తనాళం అసహజంగా పుట్టుట, విద్యుత్ లయలోని దోషం, వైరస్ జ్వరం వలన గుండెకండరం వాచుట వంటివి తరచు కారణాలు. 35 ఏండ్లు దాటినవారిలో నాళాలు పూడుకొనుటయే ముఖ్య కారణం.

ఛాతీపై సరిగా గుండె ఉన్నచోట, గుండె లయలోని ఒకానొక క్షణంలో బలమైన దెబ్బ తగిలినా గుండె ఆగవచ్చును. 2023 జనవరి 2న అమెరికాలో డమార్ హామ్లిన్ అను ఆటగానికి ఇట్లే జరిగినది. మైదానంలోనే చికిత్స అందినందున బ్రతికి, ఆ సంవత్సరమే మరల ఆడాడు. సద్యఃప్రాణహర మర్మమన్న మాటకు ఇంతకన్న వ్యాఖ్యానం అక్కరలేదు. గట్టిబంతితో క్రికెట్ ఆడే పిల్లల తలిదండ్రులు దీనిని గుర్తుంచుకొనవలెను.

మొదటి పది నిమిషాలు ఎవరివి?

మా నందికొట్కూరు నుండి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు 30 కిలోమీటర్లు. వాహనం ఎంత వేగంగా పోయినా అరగంట పట్టును. గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినుట ప్రారంభమగును. ఏ సహాయమూ అందని ప్రతి నిమిషానికి బ్రతికే అవకాశం నూటికి ఏడు నుండి పది పాళ్ళు తరుగునని వైద్యులు లెక్కకట్టారు. కావున ఆ తొలి నిమిషాలు ఆసుపత్రివి కావు, పక్కనున్నవారివి. గురుకులంలో నాడి చూచుట నేర్చి, నలుబది ఏండ్లుగా మూలికలతో వైద్యం చేయుచున్న నేను నిస్సంకోచంగా చెప్పుచున్నాను. ఆ సమయంలో ఏ కషాయమూ, ఏ భస్మమూ, ఏ లేహ్యమూ పనికిరావు. పనికివచ్చేవి రెండు చేతులు మాత్రమే.

ఆట మధ్యలో ఎవరైనా హఠాత్తుగా కూలినచో ఇట్లు చేయవలెను.

1. భుజాలు తట్టి గట్టిగా పిలువవలెను. పలుకక, శ్వాస లేక ఉన్నా, ఎగశ్వాసగా ఆగి ఆగి గురకవలె తీయుచున్నా గుండె ఆగినదనియే భావించవలెను. ఆ ఎగశ్వాస నిజమైన శ్వాస కాదు. కొందరిలో మొదట మూర్ఛవలె కాళ్ళుచేతులు కొట్టుకొనవచ్చును. దానిని చూచి ఫిట్స్ అని కూర్చుండరాదు.

2. ఒకరు వెంటనే 108కి ఫోను చేయవలెను. దగ్గరలో డీఫిబ్రిలేటర్ ఉన్నచో మరొకరు తేవలెను. ఆ యంత్రం తానే మాటలతో సూచనలిచ్చును. అవసరమైతేనే విద్యుత్ ఘాతమిచ్చును.

3. రోగిని గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము ఎముక దిగువ సగంపై అరచేతి మడమను ఆనించి, రెండవ చేతిని దానిపై ఉంచి, మోచేతులు వంచకుండ నొక్కవలెను. లోతు రెండు అంగుళాలు. వేగం నిమిషానికి 100 నుండి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనీయవలెను.

4. రెండు నిమిషాలకొకసారి మనిషి మారవలెను. రోగి కదలువరకు గాని, వైద్యసహాయం వచ్చువరకు గాని ఆపరాదు.

నోటిలో నీరు పోయుట, ఉల్లిపాయ వాసన చూపుట, చేతిలో తాళంచెవి పెట్టుట, లేవదీసి కూర్చుండబెట్టుట, చుట్టూ మూగి గాలి ఆడనీయకుండుట కూడదు. నాడి కోసం వెదకుచు కాలం పోగొట్టరాదు. నాడీపరిచయం గలవారికే ఆ గడబిడలో అది దొరకుట కష్టం.

వ్యాయామం గూర్చి మన ఆచార్యులు

వ్యాయామం వలన లాఘవం, పనులయందు సామర్థ్యం, దీప్తాగ్ని కలుగునని వాగ్భటాచార్యులు చెప్పారు. వెంటనే హద్దు కూడ చెప్పారు. బలవంతులు, స్నిగ్ధాహారం తినువారు సైతం చలికాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే చేయవలెను. తక్కిన ఋతువులలో అంతకన్న తక్కువ. సుశ్రుతాచార్యులు ఆ సగానికి గుర్తును కూడ తెలిపారు. ఊపిరి ముక్కుతో చాలక నోటికి ఎక్కినదంటే అర్ధశక్తి వ్యయమైనదని తెలియవలెను. ఎండలు నలుబది డిగ్రీలు దాటే మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం ఆటల పోటీలు పెట్టేవారు ఈ మాటను ఆలోచించవలెను.

చరకాచార్యులు మరొక సూక్ష్మం చెప్పారు. శ్రమ వలన కలిగిన ఆయాసాన్ని బలవంతాన అణచరాదు. అణచిన గుల్మం, హృద్రోగం, సమ్మోహం కలుగునన్నారు. ఆయాసాన్ని చూచి తోటివారు నవ్వుదురని బిగబట్టి ఆడుట శౌర్యం కాదు. అట్లే నూతన జ్వరంలో వ్యాయామం నిషిద్ధం. వైరస్ జ్వరంతో ఉన్నపుడు ఆడినచో గుండెకండరానికి ప్రమాదమని నేటి వైద్యులు చెప్పునది దీనితో సరిపోవుచున్నది. జ్వరం విడిచి, నీరసం పూర్తిగా తీరిన పిమ్మటనే మైదానానికి పోవలెను.

ముందుగా కనిపించే సూచనలు

పరుగెత్తుచుండగా కండ్లు బైర్లు కమ్మి పడిపోవుట, శ్రమలో ఛాతీనొప్పి, ఈడువారికన్న మిక్కిలిగా ఆయాసం, కారణం లేక గుండె దడదడలాడుట, వంశంలో యాభై ఏండ్లలోపు ఎవరైనా హఠాత్తుగా మరణించి ఉండుట – వీనిలో ఏ ఒక్కటి ఉన్నా గుండె వైద్యునిచేత ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయించవలెను. ముఖ్యంగా ఆటలో స్పృహ తప్పిన పిల్లవానికి "దిష్టి తగిలినది" అని తాయెత్తు కట్టి మరునాడే ఆటకు పంపరాదు. మన జాతీయ ఫుట్‌బాల్ ఆటగాడు అన్వర్ అలీకి 2019లో గుండెకండర దోషం పరీక్షలలో బయటపడినది. కొంతకాలం ఆటకు దూరమైనా, వైద్యుల పర్యవేక్షణలో తిరిగివచ్చి దేశం తరఫున ఆడాడు. కావున పరీక్షకు భయపడనక్కరలేదు.

కోలుకొనువారికి పథ్యం

ప్రాణాపాయం తప్పి ఇంటికి వచ్చిన పిమ్మట ఆయుర్వేదానికి, గృహిణికి పని మొదలగును.

మొదటిది, తొందరపడకుండుట. నిప్పురవ్వను మొదట గడ్డిపరకలతో, తరువాత పిడకలతో పోషించి పెద్దమంట చేసినట్లే, క్షీణించిన అగ్నిని క్రమంగా పెంచవలెనని చరకాచార్యుల ఉపదేశం. ఆహారానికి చెప్పిన ఈ న్యాయం నడకకు కూడ చెల్లును. ఇంట నాలుగడుగులు, పిదప వీధి చివరకు, పిదప మైలు దూరం. మరల ఆడవచ్చునా అన్నది పరీక్షలు చూచి గుండె వైద్యుడు నిర్ణయించవలెను గాని, ఉత్సాహం నిర్ణయించరాదు.

రెండవది ఆహారం. జొన్నరొట్టె, పలుచని రాగిజావ, పెసరకట్టు, పొట్ల, బీర, సొర కూరలు మంచివి. హృదయానికి హితమైన ఫలాలలో మామిడి, రేగి, దానిమ్మ, మాదీఫలాలను చరకాచార్యులు లెక్కించారు. ఋతువునుబట్టి మితంగా తినవచ్చును. ఊరగాయలు, అప్పడాలు, మరల మరల కాచిన నూనెలో వేచిన బజ్జీలు విడువవలెను. మన కర్నూలు ఉగ్గానిని బజ్జీ లేకుండ తిన్నా రుచిగానే ఉండును. పొగాకు, గుట్కా పూర్తిగా నిషిద్ధం.

మూడవది తెల్లమద్ది. నల్లమలలో పెరిగే ఈ వృక్షపు బెరడు హృద్రోగంలో ప్రసిద్ధం. చూర్ణం 5 గ్రాములు, ఆవుపాలు 40 మి.లీ., నీరు 160 మి.లీ. కలిపి, పాలు మాత్రమే మిగులునట్లు సన్నని సెగపై కాచి వడగట్టి ఉదయం పుచ్చుకొందురు. అయితే ఇది ఆగిన గుండెను నడిపించే మందు కాదు, విద్యుత్ లయదోషాన్ని సరిచేయునదీ కాదు, డాక్టరిచ్చిన మాత్రలకు బదులు అసలే కాదు. రక్తం పలుచనగుటకు మందులు వాడువారు, రక్తపోటు తక్కువగా ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడుగకుండ వాడరాదు.

నాలుగవది మనస్సు. హృదయాన్ని, ఓజస్సును కాపాడుకొనగోరువాడు మనోదుఃఖ కారణాలను విశేషంగా పరిహరించవలెనని శాస్త్రం. చావు అంచు చూచివచ్చినవానికి రాత్రిళ్ళు భయం సహజం. "నీకేమీ కాలేదులే" అని కొట్టివేయక, చెప్పుకొననిచ్చి ఇంటివారు వినవలెను. ఆట మానవలసి వచ్చినవానికి బిడ్డలకు ఆట నేర్పే పనియైనా అప్పగించవలెను.

ఐ.సి.డి. ఉన్నవారు సెల్‌ఫోనును ఆ వైపు జేబులో ఉంచరాదు. పరికరాన్ని వేళకు పరీక్ష చేయించవలెను. అది ఘాతమిచ్చినచో వెంటనే వైద్యునికి తెలుపవలెను.

ఊరివారికొక విన్నపం

సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలు పెట్టి, చందాలు వసూలుచేసి షీల్డులు, నగదు బహుమతులు ఇచ్చుట మన ఊళ్ళలో ఆచారం. ఆ చందాలో కొంత మిగిల్చి ఒక డీఫిబ్రిలేటర్ కొనవలెను. ఒక్క ఊరికి శక్తి చాలకున్న నాలుగు ఊళ్ళు కలసి కొనవచ్చును. అంతకుముందే, ఖర్చు లేనిది మరొకటి కలదు. పోటీల తొలినాడు ఒక డాక్టరును గాని, 108 సిబ్బందిని గాని పిలిపించి, ఛాతీ నొక్కు పద్ధతిని ఆటగాళ్ళందరిచేత ఒక అరగంట అభ్యాసం చేయించవలెను. పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులు, ఇంట తల్లులు కూడ నేర్వవలెను. ఎరిక్‌సన్‌ను బ్రతికించినది ధనిక దేశమనుట సగం సత్యం. అతడు పడినపుడు ఏమి చేయవలెనో తెలిసినవారు పక్కన ఉండుట తక్కిన సగం. ఆ సగాన్ని మనం ఈ వారమే సంపాదించుకొనవచ్చును.