నెల్లూరు సీమ కథల్లో ప్రతినాయకుడు: కామిక్ మహావీరగాథలతో తులనాత్మక పరిశీలన

కీలక పదాలు: ప్రతినాయకుడు, వీరగాథ, కాటమరాజు కథ, తిక్కన, అశ్వత్థామ, సూపర్ హీరో.

1. ఉపోద్ఘాతం

1938 జూన్ సంచికగా వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ సృష్టించిన సూపర్‌మ్యాన్ పాఠకుల ముందుకు వచ్చాడు. మరుసటి ఏడాది బ్యాట్‌మ్యాన్, 1940లో అతనికి ప్రత్యర్థిగా జోకర్ వచ్చారు. ఈ పాత్రలను ఆధునిక పురాణాలుగా వ్యాఖ్యానించడం సాంస్కృతిక అధ్యయనాల్లో పరిపాటి. అయితే ఆ వ్యాఖ్యానాల్లో ఎక్కువ భాగం నాయకుని చుట్టూ తిరుగుతుంది. ఒక సమాజం దేనికి భయపడుతుందో, దేన్ని అన్యాయమనుకుంటుందో తెలిపేది మాత్రం ప్రతినాయకుని పాత్ర. ఈ కోణం నుంచి చూసినప్పుడు నెల్లూరు సీమ విశేషమైన ఆధారాలను అందిస్తుంది. పదమూడవ శతాబ్దపు విక్రమసింహపురిలో కృతిభర్తగా కీర్తి పొందిన రాజవంశమే, అదే సీమ పశుపాలకుల నోట ప్రత్యర్థి పక్షంగా నిలిచింది.

2. లక్షణకారులు చెప్పినది

ధనంజయుని ‘దశరూపకం’ ప్రతినాయకుణ్ణి లోభిగా, ధీరోద్ధతునిగా, మొండివానిగా, పాపకర్మునిగా, వ్యసనపరునిగా నిర్వచిస్తుంది. రామునికి రావణుడు, ధర్మరాజుకు దుర్యోధనుడు ఇందుకు ఉదాహరణలు. దండి ‘కావ్యాదర్శం’లో దీనికంటే సూక్ష్మమైన మాట చెప్పాడు. శత్రువు వంశాన్ని, శౌర్యాన్ని, విద్యను ముందుగా వర్ణించి, అటువంటివానిని నాయకుడు జయించినట్లు చెబితే నాయకుని ఔన్నత్యం మరింత పెరుగుతుందన్నది అతని అభిప్రాయం. జోకర్ లేని బ్యాట్‌మ్యాన్ ఎందుకు వెలవెలబోతాడో చెప్పడానికి ఇంతకంటే మంచి సూత్రం అక్కరలేదు.

అమెరికన్ కామిక్ చరిత్రలో ఈ సూత్రానికి కొంతకాలం సంకెళ్ళు పడ్డాయి. 1954లో అమలులోకి వచ్చిన కామిక్స్ కోడ్ ప్రతి సందర్భంలోనూ మంచి చెడుపై గెలవాలని, నేరస్థుడు శిక్ష పొందాలని, నేరస్థునిపై పాఠకునికి సానుభూతి కలగకూడదని నిర్దేశించింది. ప్రతినాయకుని ముగింపు కథ మొదలు కాకముందే ఖాయమైపోయింది. 1963లో వచ్చిన మాగ్నెటో పాత్ర మొదట్లో ఈ చట్రంలోనిదే. 1980ల నాటి రచనల్లో అతణ్ణి నాజీ నిర్బంధ శిబిరం నుంచి బయటపడిన యూదునిగా చూపిన తరువాతనే అతని కోపానికి చరిత్ర ఏర్పడింది. దుష్టునికి పూర్వకథ కల్పించడం అక్కడ అప్పట్లో కొత్త మలుపు. నెల్లూరులో అది ఏడు వందల ఏళ్ళకు పూర్వమే జరిగిన పని. తిక్కన మనుమసిద్ధికి అంకితమిచ్చిన ‘నిర్వచనోత్తర రామాయణం’లో రావణుని వంశం, తపస్సు, వరాలు, దిగ్విజయాలు విస్తారంగా ఉన్నాయి. రామకథ ముగిసిన తరువాత రావణుడు ఎలా రావణుడయ్యాడో చెప్పే ఉత్తరకాండను తన తొలి కావ్యానికి వస్తువుగా ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

3. పుల్లరి వివాదం: ఇద్దరికీ న్యాయమున్న యుద్ధం

కాటమరాజు కథ యాదవుల వీరగాథ. కొమ్ము ఊదుతూ ఈ కథను గానం చేసేవారు కొమ్మువారు. ఆచార్య తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించిన కథాపాఠాలు 1970లలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ద్వారా వెలువడడంతో ఈ గాథాచక్రం విస్తృతి పండితలోకానికి తెలిసివచ్చింది.

పాఠభేదాలు ఉన్నప్పటికీ కథ స్థూలంగా ఇది: కరవు వల్ల కాటమరాజు తన ఆలమందలతో దక్షిణానికి కదిలి, నెల్లూరు నేలిన నల్లసిద్ధి రాజ్యంలోని పచ్చిక బయళ్ళకు చేరాడు. మేపుకు బదులుగా పుట్టిన కోడెదూడలను రాజుకు ఇచ్చేట్లు ఒడంబడిక జరిగింది. రాజు ఉంపుడుగత్తె పెంచిన చిలుక పశువులను బెదరగొట్టగా కాపరులు దానిని చంపారు. అందుకు ప్రతీకారంగా ఆమె మనుషులు ఆవులను చంపారు. పశువులకు రక్షణ లేని చోట పుల్లరి కట్టనన్నాడు కాటమరాజు. కట్టి తీరవలసిందే అన్నాడు రాజు. పాలేటి ఒడ్డున పంచలింగాల వద్ద యుద్ధం జరిగింది.

ఈ కథలో రాక్షసుడు లేడు. ఉన్నది ఒక ఒప్పందం, దాని ఉల్లంఘన. మెట్టసీమ పశుపాలకుడు కరవుకాలంలో పెన్నా దిగువన ఉన్న తడినేలకు రాక తప్పదు. సాగునేలపై ఆధారపడిన రాజు పచ్చికకు వెల కట్టక మానడు. రెండు జీవనవిధానాల మధ్య ఘర్షణకు పుల్లరి అన్నది ఒక పేరు మాత్రమే. (ఈ సీమ పశుసంపద ఖ్యాతి ఎంతటిదంటే, ఒంగోలు జాతి పశువులు నేటికీ బ్రెజిల్‌లో ‘నెలోర్’ అనే పేరుతోనే చెలామణి అవుతున్నాయి.) పుల్లరి మాట అక్కడితో ఆగలేదు. పల్నాటిలో బ్రిటిష్ ప్రభుత్వం విధించిన పుల్లరిని ఎదిరించి 1922లో ప్రాణాలిచ్చిన కన్నెగంటి హనుమంతు కథలోనూ వివాదం గడ్డి దగ్గరే మొదలైంది.

తప్పంతా చిలుకను పెంచిన స్త్రీ మీదికి నెట్టడం ఈ గాథలోని బలహీనత. రాజును పూర్తిగా దుష్టుణ్ణి చేయడానికి కథకుడు వెనుకాడిన చోట ఆమె నిందను మోయవలసివచ్చింది. కామిక్ కథల్లో మోహినీ పాత్రలు మోసే బరువూ ఇటువంటిదే.

రాజపక్షాన పోరాడినవాడు ఖడ్గతిక్కన. సిద్ధన కుమారుడైన ఇతడు కవి తిక్కనకు జ్ఞాతి సోదరుడు. తొలి పోరులో ఓడి ఇంటికి వచ్చినప్పుడు భార్య మంచం చాటున స్నానానికి నీళ్ళు, పసుపు పెట్టిందని, తల్లి విరిగిన పాలు వడ్డించిందని, ఆ అవమానంతో తిరిగి వెళ్ళి వీరమరణం పొందాడని చాటుసంప్రదాయం చెబుతుంది. పశుపాలకుల గాథలో శత్రుసేనాని, నెల్లూరి చాటుకథల్లో త్యాగవీరుడు. రెండు కథలూ ఒకే సీమలో పక్కపక్కనే బతికాయి. ఒకదాన్ని మరొకటి రద్దు చేయలేదు.

నల్లసిద్ధి, తిక్కన ఆశ్రయదాత మనుమసిద్ధి ఒక్కరేనా అన్న విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అయినా ఇద్దరూ నెల్లూరు చోడుల వంశంవారే అన్నంతవరకు అంగీకరించినా ప్రస్తుత వాదానికి చాలు. రాతప్రతిలో కృతిభర్త, మౌఖిక గాథలో ప్రతిపక్షి. ఎవరు ప్రతినాయకుడన్నది కథ ఎవరి నోట ఉందన్న దానిపై ఆధారపడి ఉంది. కామిక్ పరిశ్రమలో పాత్రపై హక్కు ప్రచురణ సంస్థది కనుక ఇటువంటి ప్రతిపాఠం అధికారికంగా పుట్టడం కష్టం.

4. అశ్వత్థామ తిరిగి రావడం

తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో సౌప్తికపర్వం ఒకటి. నిద్రిస్తున్న కాకులను రాత్రివేళ గుడ్లగూబ చంపడం చూసి అశ్వత్థామకు ఆలోచన తట్టింది. నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుణ్ణి, ఉపపాండవులను అతడు సంహరించాడు. ఆపై ఉత్తర గర్భంలోని శిశువుపై అస్త్రాన్ని మళ్ళించాడు. శిరోమణిని పోగొట్టుకొని, కృష్ణుని శాపంతో మూడు వేల ఏళ్ళు ఒంటరిగా తిరిగే గతి పట్టింది. ఇంత చేసినవానికి కూడా మూలకథ కారణాన్ని నిరాకరించలేదు. ఆయుధం విడిచిన తండ్రి ద్రోణుణ్ణి చంపిన తీరు అతని కోపానికి మూలం.

2024 జూన్ 27న విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఏ.డి.’ ఇదే అశ్వత్థామను మహావీరునిగా నిలబెట్టింది. అమితాబ్ బచ్చన్ ధరించిన ఈ పాత్ర కల్కిని మోస్తున్న తల్లికి కాపుగా నిలుస్తుంది. గర్భస్థ శిశువును చంపబోయినవాడే గర్భాన్ని రక్షించడం ఈ కల్పనలోని కీలకం. కామిక్ పరిభాషలో ఇది ప్రతినాయకుని పరివర్తన. తెలుగు ప్రేక్షకునికి అది కొత్తగా తోచకపోవడానికి కారణం ఉంది. ‘సీతారామకళ్యాణం’ (1961)లో రావణునిగా, ‘దానవీరశూరకర్ణ’ (1977)లో దుర్యోధనునిగా ఎన్.టి. రామారావును ఆదరించిన అలవాటు ఆ ప్రేక్షకునిది. అయితే ఈ చిత్రంలోనూ సుప్రీం యాస్కిన్ పాత్ర పాత చట్రానికే దగ్గరగా ఉండిపోయింది. అశ్వత్థామకు దక్కిన పూర్వకథ అతనికి ఇంకా దక్కలేదు.

చిత్రం విడుదలైన తరువాత నెల్లూరు జిల్లా చేజర్ల మండలం పెరుమాళ్ళపాడులోని నాగేశ్వరాలయం వార్తల్లోకి వచ్చింది. పెన్నా ఇసుకలో పూడిపోయిన ఈ గుడి 2020లో తవ్వకాల్లో బయటపడింది. చిత్రంలోని పురాతన ఆలయ దృశ్యాలతో దీనిని ముడిపెట్టి చూడడానికి జనం రావడం మొదలైంది. ఈ గుడిలోని లింగాన్ని పరశురాముడు ప్రతిష్ఠించాడని స్థానికుల నమ్మకం. అశ్వత్థామవలె అతడూ చిరంజీవి. ఇరవైయొక్క మార్లు క్షత్రియులను సంహరించినవాడు. కల్కిపురాణం ప్రకారం కల్కికి విద్య గరపవలసిన గురువు.